దోరాదోనా, మిస్తోనా? ఉరుగ్వేలో కనిపించే రెండు పసుపు పిట్టల్లో మీరు చూసింది ఏది, ముందు వెతకాల్సింది ఏది

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేకి ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లు మొదటి వసంతంలో నాకు పంపే ఫోటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. గడ్డి, గడ్డి మధ్యలో పసుపు చుక్క, కింద "ఇదేం పిట్ట?" అన్న ప్రశ్న. కొందరు "ఇక్కడ కూడా గిజిగాళ్లున్నాయా?" అని అడుగుతారు. లేవు. గిజిగాడు మన ఆసియాది, ఈ ఖండంలో దాని ఊసే లేదు. రాజధాని మోంటెవిడియోలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ మీకు కనిపించే చిన్న పసుపు పిట్ట నూటికి తొంభై సార్లు రెండింటిలో ఒకటి అయి ఉంటుంది, ఆ రెంటిలో ఏది అన్నదే చిక్కు.

మొదటిది సాఫ్రాన్ ఫించ్. ఉరుగ్వేలో దోరాదో అంటారు, అంటే బంగారు రంగుది అని. అర్జెంటీనాలో హిల్గెరో దోరాదో, బ్రెజిల్‌లో కనారియో ద తెర్రా, వెనెజులాలో కనారియో దె తెహాదో, అంటే ఇంటి పెంకుల మీది కెనరీ. శాస్త్రీయ నామం సికాలిస్ ఫ్లేవియోలా, 1766లో లినేయస్ వర్ణించిన పిట్ట. రెండోది గ్రాస్‌లాండ్ ఎల్లో ఫించ్. ఉరుగ్వే, అర్జెంటీనాల్లో మిస్తో, బ్రెజిల్‌లో తిపియో, చిలీలో చిరివే. దీని శాస్త్రీయ నామం సికాలిస్ లుటియోలా, 1789లో స్పార్మన్ వర్ణించాడు. రెండింటికీ ఫించ్ అని పేరే గానీ ఇవి అసలు ఫించ్ కుటుంబం కావు, టానేజర్లు అనే అమెరికా ఖండాల పిట్టల కుటుంబం. గలపాగోస్ దీవుల్లో డార్విన్ ఫించ్‌లు అని పేరుపడినవి కూడా ఈ కుటుంబమే. స్థానికులు కెనరీ అన్నా, కెనరీతో వీటికి చుట్టరికం లేదు.

నేను ఇక్కడి పేర్లే వాడతాను, దోరాదో, మిస్తో అని. పొడుగు ఇంగ్లీషు పేర్లు పట్టుకుని పొలంలో ఎవరినైనా అడిగితే అర్థం కాదు, "మిస్తోలు ఎక్కడున్నాయి?" అంటే పశువులు కాసే ముసలాయన కూడా చెయ్యెత్తి చూపిస్తాడు.

ముందు ఏం చూడాలి

రంగుతో మొదలుపెట్టకండి. ఇది నేను అందరికీ చెప్పే మొదటి మాట, ఎందుకంటే రంగే ఇక్కడ అందర్నీ తప్పుదారి పట్టిస్తుంది. రెండూ పసుపే, పొద్దున్నే ఏటవాలు ఎండలో మామూలు గోధుమరంగు పిట్ట కూడా పసుపుగా మెరుస్తుంది. నేను చూసే వరస ఇది.

మొదట చోటు. పిట్ట ఎక్కడ ఉంది, చెట్టు దగ్గరా, ఇంటి దగ్గరా, లేక చుట్టూ చెట్టన్నదే లేని గడ్డి మధ్యలోనా? తర్వాత నెత్తి. నెత్తి మీద ఏ రంగుంది, చారలున్నాయా లేవా? మూడోది రొమ్ము, పొట్ట. అక్కడ చారలున్నాయా, నున్నగా ఉందా? నాలుగోది పాట, అందులోనూ పిట్ట కూర్చుని పాడుతోందా, ఎగురుతూ పాడుతోందా అన్నది. చివరగా తోడు, అంటే పక్కనున్నవి ఎన్ని, ఎలా ఉన్నాయి.

వీపు మీది చారలు చూడమని చాలామంది చెబుతారు. "వీపు నున్నగా ఉంటే సాఫ్రాన్, చారలుంటే గ్రాస్‌లాండ్" అన్న సూత్రం కొలంబియాలోనో వెనెజులాలోనో బాగానే పనిచేస్తుంది. ఉరుగ్వేలో పనిచెయ్యదు. ఇక్కడుండే దోరాదో దక్షిణాది ఉపజాతి, పెల్జెల్నై అంటారు. ఇందులో మగదానికి కూడా వీపు కాస్త ఆకుపచ్చ కలిసిన పసుపుతో, సన్నటి చారలతో ఉంటుంది. వీపొక్కటే చూసి తేలిస్తే బంగారంలాంటి మగ దోరాదోని కూడా మిస్తో అని రాసేసుకుంటారు. అందుకే వీపు కన్నా నెత్తికి ఎక్కువ విలువ ఇవ్వండి.

| చూడాల్సింది | దోరాదో | మిస్తో |
|---|---|---|
| పొడవు | దాదాపు 14 సెం.మీ., మన ఊరపిచ్చుక కన్నా కొంచెం చిన్నది | దాదాపు 12 సెం.మీ., మన జినువాయి అంత |
| చోటు | పార్కులు, ఇళ్ల పెరళ్లు, పొలాల గట్ల మీది చెట్లు | విశాలమైన గడ్డి మైదానాలు, పచ్చిక బీళ్లు, తడి గడ్డి |
| మగదాని నెత్తి | నున్నటి పసుపు, నుదురు నారింజ | గోధుమ కలిసిన ఆకుపచ్చ, ముదురు చారలు |
| ముఖం | మొత్తం పసుపు | కంటి చుట్టూ, ముక్కు మొదట్లో పసుపు, చెంప బూడిద |
| ఆడదాని రొమ్ము | తెల్లటి బూడిద మీద ముదురు చారలు (దక్షిణాదిలో) | వెలిసిన పసుపు, చారలు లేవు |
| గూడు | తొర్రలు, ఇతర పిట్టలు వదిలేసిన గూళ్లు, పెంకుల సందులు | నేల మీదో, నేలకి దగ్గరగా గడ్డి దుబ్బులోనో |
| పాట | కొమ్మ మీదో తీగ మీదో కూర్చుని | ఎక్కువగా గాల్లోకి లేచి, దిగుతూ |
| గుంపు | జంటలు, చలికాలంలో చిన్న గుంపులు | వసంతంలో పక్కపక్కనే జంటలు, చలికాలంలో పెద్ద గుంపులు |

దోరాదో ఎలా ఉంటుంది

మన పూజలో పసుపు ముద్ద చేసి గౌరమ్మని పెడతాం కదా, దాని మీద ఆంజనేయస్వామి సింధూరం ఒక వేలితో అద్దితే ఎలా ఉంటుందో మగ దోరాదో తల అలా ఉంటుంది. నుదుటి మీద మొదలైన నారింజ రంగు నెత్తి వైపు పోయేకొద్దీ పసుపులో కలిసిపోతుంది. ఈ రంగు వచ్చిన మగదాన్ని ఒక్కసారి దగ్గరగా చూశారా, ఇంక జన్మలో పొరబడరు.

ఇది మనుషులకు దగ్గరగా బతికే పిట్ట. మోంటెవిడియోలోని ప్రాదో పార్కులో గులాబీ మొక్కల మధ్య నేల మీద గింజలు ఏరుకుంటూ ఉంటుంది, మీరు బెంచీ మీద కదలకుండా కూర్చుంటే మూడు నాలుగు మీటర్ల దూరం వరకు వస్తుంది. ఊళ్లో పెరటి గోడ మీద చిరుధాన్యం ఒక చారెడు పోసి పెడితే వారంలో అలవాటు పడుతుంది. బ్రెజిల్‌లోని పంతనాల్ చిత్తడి నేలలకి వెళ్లినవాళ్లకి లాడ్జీల ముందు గింజల పళ్లెం చుట్టూ పదుల సంఖ్యలో వాలే పసుపు పిట్టలు గుర్తుండే ఉంటాయి, అవి ఇవే.

దీని కాపురం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే గుర్తుపట్టడానికి అదే మంచి దారి. ఇక్కడ ఒర్నేరో అని ఇంకో పిట్ట ఉంది, గోధుమరంగుది, అర్జెంటీనాకి 1928 నుంచి జాతీయ పక్షి. అది బురదతో కరెంటు స్తంభాల మీద, కంచె గుంజల మీద గుండ్రటి పొయ్యిలాంటి గూడు కడుతుంది. లోపల అడ్డుగోడ కూడా కడుతుంది, చెయ్యి పెడితే నేరుగా గుడ్ల దాకా పోదు. ఆ గూటిని ఒర్నేరో సాధారణంగా ఒక కాన్పుకి వాడి వదిలేస్తుంది, మర్నాడు కొత్తది కట్టుకుంటుంది అనను గానీ మరుసటి ఏడాదికి ఎక్కువగా కొత్తదే కడుతుంది. ఖాళీ అయిన మట్టిగూటికి దోరాదో వచ్చి చేరుతుంది. మన దగ్గర గిజిగాడు వదిలేసిన గూట్లో తెల్లగొంతు జినువాయి కాపురం పెట్టినట్టే. 

మా వీధి మలుపులో స్తంభం మీద అలాంటి పాత మట్టిగూడు ఒకటి ఉండేది, ఒక పక్క పెచ్చు ఊడి ఉండేది. నవంబరులో ఒక ఉదయం చారల ఆడపిట్ట నోట్లో తనకన్నా పొడుగున్న ఎండుగడ్డి పోచ పెట్టుకుని ఆ గుమ్మం దగ్గర ఆగింది. పోచ అడ్డంగా తగులుతోంది, లోపలికి పోవట్లేదు. వెనక్కి ఎగిరి మళ్లీ వచ్చింది, మళ్లీ తగిలింది. మూడోసారి తల పక్కకి వంచి పోచని నిలువుగా తిప్పి చొరబడిపోయింది. మగది పైన తీగ మీద కూర్చుని అంతసేపూ చిప్ చిప్ అని పాడుతూనే ఉంది. ఆ పక్కనే మగది లేకపోతే ఆ ఆడదాన్ని నేను ఏదో పిచ్చుక అనుకుని నడిచి వెళ్లిపోయేవాణ్ణి.

మిస్తో ఎలా ఉంటుంది

మన భాషలో పచ్చ అంటే ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. మిస్తోకి ఆ మాట అచ్చంగా సరిపోతుంది. వీపూ నెత్తీ ఎండుగడ్డి రంగు, ముదురు చారలు, కింద అంతా పసుపు, రొమ్ము దగ్గర కాస్త బూడిద తిరిగిన పసుపు. గడ్డిలో వంగి గింజలు తింటున్నప్పుడు మీకు దాని వీపు మాత్రమే కనిపిస్తుంది, అంటే ఏమీ కనిపించదు. ఉన్నట్టుండి ముప్పై నలభై పిట్టలు ఒక్కసారి లేస్తాయి, అప్పుడు తెలుస్తుంది అక్కడ అన్ని ఉన్నాయని.

దీన్ని చూడాలంటే ఊరు దాటాలి. మోంటెవిడియో నుంచి తూర్పున రోచా వైపు 9వ నంబరు హైవే మీద వెళ్తే రెండు పక్కలా పశువుల పచ్చికబీళ్లు ఉంటాయి, వాన పడ్డాక అక్కడక్కడా నీళ్లు నిలిచి ఉంటాయి. అలాంటి చోట కంచె పక్కన కారు ఆపి ఇంజిన్ ఆపేయండి. ముందు తెరో అరుస్తుంది. తెరో అంటే మన తీతువుకి దక్షిణ అమెరికా చుట్టం, అరుపులో అదే గాభరా. అది చల్లబడ్డాక గడ్డిలోంచి జ్ర్ర్ర్ అని సన్నటి, వణుకుతున్న పాట వినిపిస్తుంది, కీచురాయి పాటలా మొదలై పిట్టపాటగా మారుతుంది. అది మిస్తో.

అక్టోబరు నుంచి మగది పాడే తీరు చూడటానికే నేను ఏటా వెళ్లేవాణ్ణి. గడ్డి దుబ్బులోంచి ఏటవాలుగా లేచి పది పదిహేను మీటర్ల ఎత్తుకి వెళ్తుంది, అక్కడ నుంచి రెక్కలు పైకెత్తి పట్టుకుని, వాటిని సన్నగా అల్లాడిస్తూ, పాడుతూ నెమ్మదిగా కిందికి జారుతుంది. మన మెట్ట పొలాల్లో తొలకరి తర్వాత లార్క్ పిట్టలు పాడుతూ గొడుగులా దిగడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు, కానీ ఇక్కడ ఒకటి దిగుతుంటే పక్కనే ఇంకోటి లేస్తుంది. దోరాదో ఈ పని చెయ్యదు. కాబట్టి గాల్లో జారుతూ పాడిన పసుపు పిట్ట మీకు కనిపిస్తే నెత్తీ పొట్టా చూడకపోయినా పర్లేదు, మిస్తో అని రాసుకోండి.

చలికాలంలో, అంటే జూన్, జులైల్లో, గుంపులు పెద్దవవుతాయి. బాగా దక్షిణాన ఉండేవి ఉత్తరానికి తరలివస్తాయి, అన్నీ కలిసి పొలాల మీద తిరుగుతాయి. అప్పుడప్పుడు గుంపు మొత్తం ఒక చెట్టు మీదో కంచె తీగ మీదో వాలి అన్నీ కలిసి పాడతాయి. ఇదొక్కటే మిస్తోని చెట్టు మీద చూసే సందర్భం, "చెట్టు మీద ఉంది కాబట్టి దోరాదో" అన్న లెక్క ఇక్కడ తప్పుతుంది.

అసలు చిక్కు: చారల పిట్ట

మగవాటిని గుర్తుపట్టడం ఒక పూట పని. టెన్షన్ అంతా దోరాదో ఆడవాటితోనూ, ఏడాది నిండని మగపిల్లలతోనూ. నా మొదటి ఏడాది నోటుబుక్కులో పార్కులో చూసిన మిస్తోలని ఏడెనిమిది చోట్ల రాసుకున్నాను. తర్వాత ఫోటోలు పెద్దవి చేసి చూస్తే అన్నీ దోరాదో ఆడవే.

ఉత్తరాన కొలంబియా, వెనెజులాల్లో ఈ చిక్కు రాదు, అక్కడ ఆడ దోరాదో కూడా మగదానిలాగే పసుపు, కాస్త వెలిసినట్టు ఉంటుందంతే. దక్షిణాదిలో ఆడది గోధుమ బూడిద రంగు, పైనా చారలే, కిందా చారలే. మగపిల్లలు కూడా మొదట్లో అమ్మలాగే ఉంటాయి, పూర్తి పసుపు రావడానికి ఏడాది పైనే పడుతుంది. మధ్యలో ఉన్నప్పుడు రొమ్ము మీద అక్కడో మచ్చ ఇక్కడో మచ్చగా పసుపు కనబడుతుంది, అప్పుడు ఇంకా అయోమయం.

దీనికి నేను పెట్టుకున్న పద్ధతి చెబుతాను. పిట్ట మీకు ఎదురుగా తిరిగే దాకా ఆగండి. రొమ్ము మీద, పక్కల మీద ముదురు చారలుండి పొట్ట తెల్లగా ఉంటే దోరాదో ఆడది లేదా పిల్ల. పైన చారలుండి కింద నున్నటి పసుపు, ఎంత వెలిసిన పసుపైనా సరే, కంటి చుట్టూ కూడా పసుపు ఉంటే మిస్తో. పైన సన్న చారలున్నా తలంతా పసుపైతే దోరాదో మగది. ఈ మూడింటిలో దేనికీ సరిపోకపోతే రాయకుండా వదిలేయండి. గూడు దిగి వారం కూడా కాని మిస్తో పిల్లలకి కూడా రొమ్ము మీద కొద్దిగా చారలుంటాయి కాబట్టి డిసెంబరు, జనవరిల్లో తల్లిదండ్రులు పక్కన కనిపించే వరకు తొందరపడొద్దు.

ఫోన్‌లో ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌లు బాగానే ఉపయోగపడతాయి, నేనూ వాడతాను, కానీ వెనక నుంచి తీసిన ఫోటో ఇస్తే వాటికీ తెలిసే దారి లేదు. ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తియ్యండి. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, మన అలవాటు ప్రకారం నిలబడితే ఎండ కంట్లో పడి పిట్ట నల్లగా వస్తుంది. ఉత్తరానికి వీపు పెట్టి నిలబడండి.

ఒక్క పూటే ఉంటే దేనికోసం వెళ్లాలి

పిల్లలతో వెళ్లేవాళ్లయితే దోరాదో, ఇందులో ఆలోచించేదేం లేదు. పార్కు దాకా నడిచి వెళ్లొచ్చు, పిట్ట దగ్గరకి వస్తుంది, రంగు పిల్లల కంటికి వెంటనే ఆనుతుంది, పైగా మట్టిగూడు చూపించి కథ చెప్పొచ్చు. మిస్తో కోసం ఏడేళ్ల పిల్లాణ్ణి గంట కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లి గడ్డి చూపిస్తే వాడికి ఇంకోసారి పిట్టలంటే ఆసక్తి ఉండదు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి రెండు నెలలకి వచ్చి, భాష రాక ఇంట్లో పొద్దుపోక కూర్చుని ఉన్నారా, వాళ్లకీ దోరాదోనే చెబుతాను. మా అమ్మ వచ్చినప్పుడు బాల్కనీలో మట్టి మూకుడులో గింజలు, ఇంకో మూకుడులో నీళ్లు పెట్టింది. మూడో వారానికి ఒక జంట రోజూ పదింటికి వచ్చేది, వాటి కోసం అమ్మ కాఫీ తాగే టైమ్ మార్చుకుంది. నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, మూకుడు కడగాలి, లేకపోతే పిట్టలకి రోగాలొస్తాయి.

ఫోటోలు తీసేవాళ్లకి జవాబు లెన్సుని బట్టి ఉంటుంది. 300 ఎం.ఎం. లోపు లెన్సు ఉంటే దోరాదో మంచి ఫోటో ఇస్తుంది, మిస్తో నిరాశపరుస్తుంది. పెద్ద లెన్సూ, నేల మీద బోర్లా పడుకునే ఓపికా ఉంటే మిస్తో గాల్లోంచి దిగే ఫోటో ముందు దోరాదో ఫోటోలు ఎన్నయినా దిగదుడుపే. నేను మూడు వసంతాలు ప్రయత్నిస్తే నాకు నచ్చినవి రెండే వచ్చాయి.

పాట వినడం ఇష్టమున్నవాళ్లు, ఒంటరిగా కాసేపు ఉండాలనుకునేవాళ్లు మిస్తో వైపే వెళ్లండి. దోరాదో పాట స్పష్టంగా, గట్టిగా ఉంటుంది గానీ అవే ముక్కలు తిప్పి తిప్పి పాడుతుంది. మిస్తో గడ్డిలో ఇరవై మగవి ఒకదాని తర్వాత ఒకటి లేచి దిగుతుంటే పాట ఎక్కడ నుంచి వస్తోందో తెలియదు, పొలం మొత్తం మోగుతున్నట్టుంటుంది.

నా మటుకు నన్ను అడిగితే ముందు దోరాదో నేర్చుకోండి, ఆడదానితో సహా. నెల రోజులు పార్కులో చారల ఆడవాటిని ఎదురుగా, పక్కగా, వెనకగా చూసి కళ్లకి అలవాటయ్యాక గడ్డి మైదానానికి వెళ్తే మొదటి మిస్తోనే మీకు తేడాగా కనిపిస్తుంది. తిరగేసి చేస్తే చాలా కాలం రెండూ కలగాపులగంగానే ఉంటాయి. ఒక్క షరతు, వచ్చే ఏడాదే ప్రాజెక్టు అయిపోయి వెళ్లిపోయేవాళ్లయితే మాత్రం అక్టోబరు, నవంబరుల్లో మిస్తోని వదులుకోకండి. దోరాదో మీకు ఇంకెక్కడైనా దొరుకుతుంది.

నిజంగానే దొరుకుతుంది. 1960ల్లో దీన్ని హవాయి దీవుల్లోకి తెచ్చి వదిలారు, ఇప్పుడు హొనలూలులో కపియొలాని పార్కు గడ్డి మీద పిచ్చుకల్లా తిరుగుతున్నాయి. అమెరికా నుంచి హవాయికి సెలవులకి వెళ్లే మనవాళ్లు చూసే పసుపు పిట్ట ఇదే. అక్కడ మిస్తో లేదు, కాబట్టి ఈ పేచీ లేదు, ముఖం మీద నల్లటి గీతలున్న ఆఫ్రికా కెనరీ మాత్రం అదే పార్కులో ఉంటుంది, ముఖం చూస్తే తేలిపోతుంది. మిస్తోకి కూడా ఒక దీవి దక్కింది, సుమారు 1900 ప్రాంతంలో బార్బడోస్‌కి చేరింది, అక్కడి నుంచి చుట్టుపక్కల దీవులకి పాకింది. క్రికెట్ చూడటానికి బార్బడోస్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఊరి బయట గడ్డి వైపు ఒక చూపు వెయ్యండి.

పెరూలో కుస్కో, మాచు పిచ్చు చూడబోయేవాళ్లు మాత్రం ఈ పోలికని అక్కడికి పట్టుకెళ్లకండి. సికాలిస్ ప్రజాతిలో డజను దాకా జాతులున్నాయి, వాటిలో చాలా ఆండీస్ ఎత్తుల మీదే బతుకుతాయి, శిథిలాల రాళ్ల మధ్య ఎగిరే పసుపు పిట్ట ఈ రెండూ కాని మూడోది అయ్యే అవకాశమే ఎక్కువ.

పెంచుకోవచ్చా అని అడిగేవాళ్లకి

ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది, అందుకే సూటిగా చెబుతాను: రెండింటిలో ఏదీ వద్దు. దోరాదో మగవి తమ చోటు కోసం గట్టిగా కొట్టుకుంటాయి, ఆ గుణమే వాటికి శాపమైంది. బ్రెజిల్‌లో వీటికి పందాలు పెట్టేవాళ్లు ఉన్నారు, మన కోడిపందాల్లాగే డబ్బు కాసి. అది నేరం. 2009లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో కూడా పోలీసులు ఇలాంటి పందెం స్థావరం మీద దాడి చేసి దాదాపు 150 పిట్టల్ని పట్టుకున్నారు, వాటిలో ఎక్కువ దోరాదోలే. అడవి పిట్టని పట్టడం, అనుమతి లేకుండా పంజరంలో ఉంచడం బ్రెజిల్‌లో 1998 పర్యావరణ నేరాల చట్టం కింద శిక్షార్హం. మన దేశంలో జినువాయిని పట్టి అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమైనట్టే. ఎవరైనా సందులో బోనులో పెట్టి "ఇది ఫామ్‌లో పుట్టింది" అని అమ్మజూపితే కాలికి అతుకులేని రింగు (ఫామ్‌లో పుట్టిన పిల్లకి వేసే గుర్తు) ఉందో లేదో చూసే పనికి కూడా దిగొద్దు, కొనకుండా నడిచి వచ్చేయండి. బాల్కనీలో మూకుడు పెట్టుకుంటే వాటంతటవే వస్తాయి.

రెండు జాతులూ ప్రస్తుతానికి అంతరించే ప్రమాదంలో లేవు. కానీ వాటి భవిష్యత్తు ఒకేలా లేదని నా అభిప్రాయం. దోరాదో మనిషి ఎక్కడ ఇల్లు కడితే అక్కడ బతకగలదు. మిస్తోకి గడ్డి కావాలి, అదీ పశువులు మేసీ మేయనట్టుండి దుబ్బులు మిగిలే గడ్డి. ఉరుగ్వేలో 1987 అటవీ చట్టం తర్వాత కాగితం గుజ్జు కోసం యూకలిప్టస్, మనవాళ్ల మాటలో జామాయిల్, పెద్ద ఎత్తున నాటారు. ఇంకోవైపు సోయా సాగు పెరిగింది. ఖమ్మం, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లకి జామాయిల్ తోటలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆ చెట్ల కింద మిస్తో ఉండదు. నేను మొదటి ఏడాది మిస్తోల కోసం వెళ్లిన ఒక బీడు ఐదో ఏడాదికి వరసల్లో జామాయిల్ అయింది. కంచె అదే, గేటు అదే. తెరో కూడా లేదు.

కాబట్టి వెళ్లాలనుకునేవాళ్లు దీపావళి దాటాక, ఇక్కడ వసంతం మంచి పట్టు మీద ఉన్నప్పుడు, ముందురోజు వాన పడిన ఆదివారం చూసుకోండి. ఆరింటికల్లా బయలుదేరాలి, తొమ్మిది దాటితే గాలి లేస్తుంది, గాలి లేస్తే పాట ఆగిపోతుంది. కంచె దాటి లోపలికి పోకండి, పచ్చికబీళ్లకి యజమానులుంటారు, నేల మీద గూళ్లు కూడా ఉంటాయి, అడుగు వేసేదాకా కనిపించవు. ఫ్లాస్కు, బైనాక్యులర్, తడి గడ్డికి బూట్లు చాలు. రోడ్డు అంచున నిలబడే అన్నీ చూడొచ్చు.